లాటరీ చీటీతో వచ్చిన వైన్స్‌ను ఓటు చీటీతో పంపే హక్కు మాకు కావాలి!

 

మన బస్టాండు పక్కన రేకుల షెడ్డుకు రంగు పూసి, ముందర ఇనుప జాలీ బిగించి, వైన్స్ బోర్డు ఎక్కించిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. బడి పిల్లలు బస్సు కోసం నిలబడే చోటది. అక్కడ దుకాణం పెట్టాలా వద్దా అని మన ఊళ్లో ఒక్క మనిషిని అడిగినవాళ్లు లేరు. సర్పంచిని అడగలేదు, వార్డు మెంబర్లను అడగలేదు, ఎదురుగా మిర్చి బజ్జీలు వేసుకునే పెద్దమ్మను అసలే అడగలేదు. మరి ఎట్లా వచ్చింది? చీటీ తీస్తే వచ్చింది.

నిజంగానే చీటీ. నంబర్లు రాసిన టోకెన్లు డబ్బాలో వేసి, కలియబెట్టి, అధికారుల ముందు ఒకటి బయటికి తీస్తారు. ఎవరి నంబరు వస్తే దుకాణం వాళ్లది. 2025లో రాష్ట్రమంతటా 2,620 మద్యం దుకాణాలకు ఇట్లాగే డ్రా తీశారు. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షల రూపాయలు. నంబరు రాకపోతే ఆ డబ్బు వాపసు లేదు. అంటే ఒక్క సీసా అమ్ముడుపోకముందే సర్కారు గల్లా నిండింది. డబ్బాలో చెయ్యి పెట్టి తీసిన ఒక్క చీటీకి మన ఊరి నడిబొడ్డున రెండేళ్లు దుకాణం నడిపించే బలం ఉంది. ఓటరు జాబితాలో పేరున్న మన వందల మంది చీటీలకు ఆ దుకాణాన్ని పక్కకు జరిపే బలం లేదు. మా తగాదా అంతా ఇక్కడే.

ఈ కాగితం రాస్తున్న నేను మన పొదుపు సంఘాల లెక్కలు రాసే మనిషిని. పోయిన నెల మీటింగులో ఒక చెల్లె కిస్తు 1,500 కట్టాలి. కొంగు ముడి విప్పితే 1,300 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ 1,300లే. మిగతా రెండొందలు ఏమైనయో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. పక్కన కూర్చున్న అక్క ఊరకే ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. నేను రిజిస్టర్లో ఎర్ర సిరాతో ‘బకాయి 200’ అని రాశాను. ఆ ఎర్ర సిరా అంకెలు ఒక్క చెల్లె పేజీలో మాత్రమే ఉంటే ఈ కరపత్రం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన ఆడపిల్లలను ధర్మాబాద్ దిక్కు, బిలోలి దిక్కు, కిన్వట్ దిక్కు ఇచ్చుకున్నాం. హద్దు దాటితే మహారాష్ట్ర. అక్కడి ఆడవాళ్ల చేతిలో ఉన్న ఒక కాగితం మన చేతిలో లేదు. 2008లో మహారాష్ట్ర సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. ఊరిలో గానీ, పట్నంలో వార్డులో గానీ, ఉన్న ఆడ ఓటర్లలో నూటికి 25 మంది ‘ఈ దుకాణం మాకొద్దు’ అని సంతకాలు పెట్టి ఇస్తే చాలు. ఎక్సైజు వాళ్లు ఆ సంతకాలు సరిచూడాలి. నిజమని తేలితే ఓటింగు పెట్టాలి. రహస్య ఓటింగు, అచ్చం ఎన్నికల మాదిరే. మొత్తం ఆడ ఓటర్లలో సగానికి మించి వద్దంటే దుకాణం మూసెయ్యాలి.

ఆ ఓటు చీటీ మీద రెండు బొమ్మలుంటాయి. ఒక సీసా నిలబడి ఉంటుంది, ఇంకొకటి పండుకొని ఉంటుంది. దుకాణం ఉండాలంటే నిలబడ్డ సీసా మీద ముద్ర వెయ్యాలి. పోవాలంటే పడుకున్న దాని మీద. మరాఠీలో దాన్ని ‘ఆడవీ బాట్లీ’ అంటారు. అంటే అడ్డంగా పడిన సీసా. అక్షరం ముక్క రాని ముసలవ్వకు కూడా ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మొగుడు ఏ బొమ్మ మీద గుద్దమన్నా, తెర చాటుకు పోయాక ముద్ర ఆమె చేతిలోనే ఉంటుంది. పొద్దున చాయ్ తాగుతూ ‘నువ్వు చెప్పిన దాని మీదే గుద్దిన’ అని చెప్పొచ్చు కూడా! ఆ అబద్ధానికి పాపం లేదని నా అభిప్రాయం.

రాజస్థాన్‌లో ఈ పద్ధతి ఇంకా పాతది. 1975లోనే నియమాలు రాసుకున్నారు. ఊరి ఓటర్లలో నూటికి 20 మంది అర్జీ పెడితే ఓటింగు, మొత్తం ఓటర్లలో సగానికి మించి వద్దంటే దేశీ మద్యం దుకాణం బంద్. రాజ్‌సమంద్ జిల్లాలో కాఛబలీ అనే పంచాయతీ ఉంది. 2016 మార్చిలో అక్కడ ఇట్లాగే ఓట్లు వేశారు. మొత్తం ఓటర్లు 2,886. వచ్చి ఓటేసినవాళ్లు 2,039 మంది. దుకాణం వద్దన్నవాళ్లు 1,937. ఉండాలన్నవాళ్లు 33. తక్కినవి చెల్లని ఓట్లు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చెవిన వేసుకోండి. సర్పంచి ఎన్నికలో వచ్చి వేసినవాళ్ల ఓట్లనే లెక్కపెడతారు, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లు గెలుస్తారు. ఈ ఓటింగులో అట్లా కాదు. ఊళ్లో ఉన్న మొత్తం ఓటర్లలో సగం దాటాలి. కాఛబలీలో ఆ సగం దాటకపోతే, ఉండాలన్నవాళ్లు 33 మందే అయినా దుకాణం ఉండిపోయేది. ఇంట్లో కూర్చున్న ప్రతి మనిషీ, ఆ రోజు పత్తి ఏరడానికి పోయిన ప్రతి మనిషీ, దుకాణానికి ఓటేసినట్టే లెక్క. మహారాష్ట్ర లెక్కనే చూద్దాం, మన ఊళ్లో వెయ్యి మంది ఆడ ఓటర్లున్నారనుకోండి. అర్జీకి 250 సంతకాలు కావాలి. అవి వారంలో వస్తాయి. కానీ ఓటింగు రోజు పడుకున్న సీసా మీద 501 ముద్రలు పడాలి. పుట్టింటికి పోయినవాళ్లు, హైదరాబాద్ కూలికి పోయినవాళ్లు, చచ్చిపోయినా జాబితాలోంచి పేరు పోనివాళ్లు, అందరూ మనకు ఎదురు లెక్కలోనే ఉంటారు. కష్టమైన పందెమే. అయినా పందెం కట్టే హక్కన్నా ఉంది ఆ రాష్ట్రాలవాళ్లకు.

‘మన దగ్గర ఆడోళ్లు సారా బంద్ చేయించలేదా, కొత్తగా ఈ లొల్లి ఏంది?’ అని ఒక కాక అడిగాడు. మంచి ప్రశ్న. నెల్లూరు జిల్లా దూబగుంట మాట మన పెద్దవాళ్లందరికీ తెలుసు. చదువు నేర్పే తరగతుల్లో ఆడవాళ్లు కలుసుకొని, పాఠంలో తమ బతుకే చూసుకొని, 1992లో సారా దుకాణం మీదికి నడిచారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి కాగానే సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించారు, 1995 జనవరి నుంచి అమలైంది. తర్వాత? 1997లో సడలించేశారు. రెండేళ్ల ముచ్చట.

నిషేధం ఎత్తేసినప్పుడు దూబగుంటను ఎవరైనా అడిగారా? అడగాల్సిన పని లేదు, ఎందుకంటే చట్టంలో ఆ ఊరి ఆడవాళ్లకు ఏ తాళమూ ఇవ్వలేదు. చీపుర్లు పట్టుకొని రోడ్డెక్కినవాళ్లు వాళ్లు, సంతకం పెట్టింది హైదరాబాద్. తాళం హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి మళ్లీ తెరిచింది కూడా హైదరాబాదే. అందుకే మేం ఈసారి ముఖ్యమంత్రిని నిషేధం అడగడం లేదు. రాష్ట్రమంతా మందు బంద్ చెయ్యమని అడగడం లేదు. మా ఊరి తాళం మా ఊరికి ఇవ్వండి, అంతే.

కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, మా ఆడబిడ్డ కొడుకు కూడా అక్కడే. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే వాడన్న మాట విని నేను నోరు తెరిచాను. అక్కడి పట్నాల్లో జనమే స్థానిక చట్టం రాసి ఓటింగుకు పెట్టొచ్చట. చట్టం ముసాయిదా పురపాలక ఆఫీసులో ఇస్తారు, వాళ్ల వకీలు దానికి ఒక పేరూ నాలుగు ముక్కల సారాంశమూ రాసిస్తాడు. ఆ కాగితం పట్టుకొని 180 రోజుల్లో పట్నం ఓటర్లలో నూటికి 10 మంది సంతకాలు పోగుచెయ్యాలి. సంతకాలు చెల్లితే కౌన్సిల్ ఆ చట్టాన్ని ఉన్నదున్నట్టు ఆమోదించాలి, లేదా జనం ఓటుకు పెట్టాలి. ఒక్క ముక్క మార్చడానికి లేదు. ఓటుతో గెలిచిన చట్టాన్ని తర్వాత వచ్చిన కౌన్సిల్ ఇష్టం వచ్చినట్టు రద్దు చెయ్యలేదు, మళ్లీ జనాన్నే అడగాలి. ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది. 1997లో మనకు లేనిది అదే.

అమెరికా దాకా ఎందుకు, మనకు దగ్గర్లో ఉన్న గోండు గూడేలను చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతాలకు 1996లో వచ్చిన పెసా చట్టం ఉంది. అక్కడ మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపుచేసే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని అందులో రాసి ఉంది. ఆ అధికారం ఎన్ని గూడేల్లో అమలవుతోందని అడిగితే నేను తలదించుకోవాలి. కానీ గ్రామసభ మాటంటే తేలిక కాదని ఒడిశా నియమగిరి కొండల్లో తేలింది. సుప్రీంకోర్టు చెప్పిన మీదట 2013లో 12 గ్రామసభలు పెట్టి బాక్సైట్ తవ్వకాలు కావాలా వద్దా అని అడిగారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. కొండ మిగిలింది. మనది మైదాన ప్రాంతం. మన గ్రామసభ వద్దని తీర్మానం చేసినా, దానికి కట్టుబడాలని ఎక్సైజ్ శాఖకు ఏ నియమమూ లేదు. గూడెం గ్రామసభకు చట్టం ఇచ్చిన మాట మన గ్రామసభకు ఎందుకివ్వదు?

కొన్ని ఊళ్లలో పెద్దమనుషులు కూర్చొని మద్యం అమ్మితే ఇంత దండుగ, తాగితే ఇంత దండుగ అని డప్పు వేయిస్తున్నారు. మేం ఆ దారిలో పోవద్దనుకున్నాం. దండుగ వేసే అధికారం ఏ చట్టమూ ఊరి కమిటీకి ఇవ్వలేదు. ఇవాళ తాగుబోతుకు వేసిన దండుగ రేపు కమిటీకి ఎదురు మాట్లాడినవాళ్లకు వేస్తారు. పైగా బెల్టు షాపులను బంద్ చెయ్యాల్సిన గ్రామాభివృద్ధి కమిటీలే (వీడీసీలే) వాటికి వేలంపాటలు పెట్టిన సంగతి పేపర్లలో మీరూ చదివారు. పది మంది మీసాల పంచాయితీకీ తెర చాటున వేసే ఓటుకూ తేడా మనకు తెలుసు. ఆ పంచాయితీ గద్దె దగ్గర ఆడవాళ్లు కూర్చోవడానికి చోటు ఎప్పుడైనా చూశారా?

బెల్టు షాపు మాట ఎటూ వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. వాటికి ఓటింగు అక్కర్లేదు. అవి లైసెన్సు లేనివి, ఇప్పుడే చట్టానికి విరుద్ధం. కిరాణా కొట్టులో బిస్కెట్ డబ్బాల వెనక క్వార్టర్లు పెట్టి, అసలు ధర మీద ఇరవై రూపాయలు ఎక్కువకు అమ్మేవాళ్లను పట్టుకోవడానికి కొత్త నియమం దేనికి? వాటి మీద ఫిర్యాదు వేరేగా పెడతాం. మేం పోగుచేసే సంతకాలు లైసెన్సున్న వైన్స్ గురించే.

మా వినతి ఇది. తెలంగాణ ఎక్సైజ్ చట్టం కింద సర్కారు ఒక నియమం తేవాలి. ఊరిలో, వార్డులో ఆడ ఓటర్లలో నాలుగో వంతు సంతకాలతో అర్జీ పెడితే గడువులోగా రహస్య ఓటింగు జరపాలి. సగానికి మించి వద్దంటే దుకాణం మూయాలి. మళ్లీ ఆ ఊరి పేరు లాటరీ డబ్బాలో వెయ్యాలంటే మళ్లీ ఆ ఊరినే ఓటు అడగాలి. కొత్తగా ఏ ఊళ్లో దుకాణం పెట్టాలన్నా ముందు అక్కడ అడగాలి. మద్యం మీద అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకే ఇచ్చింది, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. రాజస్థాన్ వాళ్లు తమ ఎక్సైజ్ చట్టం కింద నియమాలు రాసుకున్నారు కాబట్టి దీనికి పెద్ద శాసనమే కావాలని కూడా లేదు. మనసుంటే చాలు.

మనసు ఎందుకుండదో మనకు తెలుసు. గల్లా. పథకాలకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. మన ఇంటి రెండొందలు తీసుకుపోయి, అందులోంచి మనకే పథకం అని ఇచ్చి దండం పెట్టించుకుంటారు. ఈ లెక్క మా సంఘం రిజిస్టర్లో రాస్తే ఆడిటరు ఒప్పుకోడు.

ఇంకో మాట అంటారు. ఇక్కడ మూస్తే పక్క ఊరికి పోయి తాగుతారని. అవును, పోతారు. కొందరు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా మొత్తం 2015లో మద్యం బంద్ చేసి, దొంగ రవాణా పెరిగిందని చెప్పి 2021లో ఎత్తేశారు. నిషేధంతో తాగుడు మాయమైపోతుందని నేను మీకు అబద్ధం చెప్పను. కానీ ఆరు కిలోమీటర్లు పోయి తాగాలంటే రోజూ తాగేవాడు మూడు రోజులకోసారి పోతాడేమో, బడి పిల్లలు నిలబడే చోట గుంపు లేకుండా పోతుందేమో, సాయంత్రం ఏడింటికి ఆడపిల్ల బస్సు దిగి తలెత్తుకొని ఇంటికి నడవొచ్చేమో. మాకు ఆ మాత్రం చాలు.

పోనీ, ఓటింగు పెట్టాక ఊరు నిలబడ్డ సీసా మీదే ముద్ర వేస్తే? దుకాణం ఉంటుంది. మేం ఓడిపోతాం, ఒప్పుకుంటాం. అడిగి ఓడడం వేరు, అడగకుండా నెత్తిన పెట్టడం వేరు.

మగవాళ్లకు వేరే కాగితం పెట్టాం, మద్దతు సంతకాల కోసం. దాని మీద మొదటి సంతకం పెట్టింది ఎవరనుకుంటున్నారు? రోజూ సాయంత్రం ఆ జాలీ ముందు నిలబడే ఒక బాపు. పేరు రాయను. పెన్ను తీసుకొని కాసేపు కాగితం దిక్కు చూసి, ‘దుకాణం దూరముంటే నాక్కూడా జర నయమే బిడ్డా’ అని గీకి పోయాడు. ఆ సాయంత్రం మళ్లీ అక్కడే కనబడ్డాడు. అయినా ఆ సంతకం చెల్లుతుంది.

సంతకాల గురించి కొన్ని మాటలు. ఓటరు జాబితాలో పేరు ఎట్లా ఉందో అట్లాగే రాయాలి, పక్కన జాబితా క్రమసంఖ్య, ఇంటి నంబరు. పెళ్లయి వచ్చి ఇంటిపేరు మారినవాళ్లు జాబితాలో పాత పేరే ఉంటే పాత పేరే రాయండి. అత్త బదులు కోడలు పెట్టొద్దు, అక్క బదులు చెల్లె పెట్టొద్దు. ఒక్క దొంగ సంతకం దొరికితే చాలు, మొత్తం కట్ట అబద్ధమని పక్కన పడేస్తారు. వేలిముద్ర వేసేవాళ్లకు ఎడమ బొటనవేలు, పక్కన సాక్షి సంతకం. సంఘంలో అప్పు కావాలంటే సంతకం పెట్టాలని ఎవరైనా అంటే నాకు చెప్పండి. అట్లా తీసుకున్న సంతకం మాకు వద్దు.

ఈ ఆదివారం పొద్దున పది గంటలకు గ్రామపంచాయతీ ముందు రావిచెట్టు కింద కూర్చుంటాం. అక్కడ కుదరనివాళ్ల కోసం సాయంత్రం వాడవాడకూ వస్తాం, మొదట హరిజనవాడ, తర్వాత ముదిరాజ్ గల్లీ, చివరికి పై వాడ. రాబోయే గ్రామసభలో ఈ వినతిని తీర్మానంగా పెడతాం. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి, కాబట్టి కార్యదర్శి గారు తేదీ చెప్పక తప్పదు. ఆ రోజు మీరు లేకపోతే మిగతా అందరూ కలిసినా ఫలితం లేదు. తీర్మానం నకలు మీద ముద్ర వేయించుకోకుండా ఎవరూ ఇంటికి పోవద్దు. తర్వాత సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారి చేతికి ఒక కట్ట, ఎమ్మెల్యే గారి చేతికి ఇంకొక కట్ట. రెండిటికీ రశీదు అడుగుతాం. రశీదు లేని అర్జీ చెత్తబుట్టలో పడితే, పడిందని చెప్పడానికి కూడా మన దగ్గర సాక్ష్యం ఉండదు.

పక్క ఊళ్లవాళ్లకు చెప్పండి. ఒక ఊరి అర్జీని కలెక్టరు ఆఫీసులో చదవకుండానే బల్ల మీద పక్కకు జరపొచ్చు. మండలంలోని అన్ని ఊళ్ల కట్టలూ ఒకే సోమవారం వస్తే ఆ బల్ల మీద చాయ్ కప్పుకు కూడా చోటుండదు.

వచ్చేటప్పుడు ఓటరు కార్డు తెచ్చుకోండి. కళ్లద్దాలున్నవాళ్లు కళ్లద్దాలు మరవొద్దు. స్టాంపు ప్యాడ్, చెయ్యి తుడుచుకునే పాత గుడ్డ మేం తెస్తాం.

ఇట్లు,
మన ఊరి పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు

(చదివినాక పారెయ్యకండి. పక్కింటివాళ్లకు ఇవ్వండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.)